వచ్చేది ఆగదు, పోయేది కలవదు

దేవరకొండలో ఒక ఇంటి వసారా. మామ టెలిఫోన్ డిపార్ట్‌మెంట్‌లో లైన్‌మన్‌గా చేరినవాడు. 2020 జనవరి 31న బీఎస్ఎన్ఎల్‌లో స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నాడు. ఆ ఒక్కనాడే దేశమంతటా ఆ సంస్థ నుంచి 78 వేల మందికి పైగా ఇంటిదారి పట్టారు. మేనల్లుడిది జడ్చర్ల దగ్గర పల్లె. ఒకేసారి వేల ఫోన్లకు రికార్డు చేసిన గొంతు వినిపించే హైదరాబాద్ కంపెనీ ఒకదాంట్లో ఉద్యోగం. వీళ్లిద్దరూ, మధ్యలో మాట కలిపే అత్తమ్మా నేను కల్పించుకున్న మనుషులు, అందుకే పేర్లు పెట్టలేదు. వాళ్ల నోట వచ్చే చట్టాలు, ఏండ్లు, లెక్కలు మాత్రం కల్పన కాదు.

మామ: ఇగో, మళ్ల మోగింది. నువ్వే ఎత్తు. మీ వాళ్లే అయ్యుంటరు.

అల్లుడు: (కాసేపు విని కట్ చేసి) లోన్ కావాలంటే ఒకటి నొక్కుమంటుంది. మాది కాదు మామా. మేం ప్రచారానికి చేసే కాల్ 140తోటి మొదలైతది. ఇది మామూలు పదంకెల నంబరు. ఎవడో రిజిస్టర్ గాకుంటనే చేస్తున్నడు.

మామ: ఏ అంకెతోటి మొదలైతేంది, మోగింది నా ఇంట్ల. రాత్రి గాలిదుమారం లేచింది. కరంటు పోయింది, దాని ఎనుకనే టవర్ పోయింది. పక్కింటి ముసలాయనకు ఆయాసం ఎక్కువైతే 108కి కొడుతనే ఉన్నం, పోతనే లేదు. ఆఖరికి ఆటో మాట్లాడుకొని దవాఖానకు తోలుకపోయినం. తెల్లారంగ సిగ్నల్ వచ్చింది. వచ్చుడుతోటే మొదటి ఫోన్ ఎవరిదనుకున్నవ్? ఈ లోన్ పిల్లదే.

అల్లుడు: రెండు ముచ్చట్లను ఒక్కటి చేస్తున్నవ్. టవర్ పడిపోవుడు వేరు, అక్కరలేని కాల్ వచ్చుడు వేరు. మొదటిది కరంటోళ్లనో టవరోళ్లనో అడుగు. రెండోది అడగాల్నంటే 1909 ఉన్నది.

మామ: ఒక్కటి చేసేది నేను గాదు. టవర్ ఒక్కటే, ఫోన్ ఒక్కటే. వాడు నన్ను పట్టుకోవాల్నంటే దొరుకుత. నేను వాణ్ని పట్టుకోవాల్నంటే దొరకడు. నా లొల్లంత ఈ ఒక్క ముక్క కాడనే.

అల్లుడు: టవర్ ఎందుకు పోతదో నీకంటె ఎవరికి ఎరుక? ఇయ్యాల టవర్ నిలబెట్టిన కంపెనీ వేరు, దాని మీద డబ్బాలు బిగించుకున్న ఆపరేటర్ వేరు, కింద కేబుల్ వేసినోడు వేరు. కరంటు పోతే బ్యాటరీ కొన్ని గంటలు లాగుతది. ఆ తర్వాత డీజిల్ పొయ్యాలె. రోడ్డు వెడల్పు పనిల జేసీబీ ఒక్క గుద్దు గుద్దిందంటే కేబుల్ తెగి మండలమే మూగబోతది. ఇందుల ఎవడి తప్పని రాస్తవ్?

మామ: గదే గద అసలు సంగతి! మా కాలంల స్తంభం, తీగ, ఎక్స్చేంజి, బ్యాటరీ రూము అన్నీ ఒక్క ఇంటియే. తిట్టేటోనికి ఎవర్ని తిట్టాల్నో తెలుస్తుండె. ఇప్పుడు నలుగురు కలిసి నడుపుతరు, పడిపోయిన్నాడు మాత్రం ఒక్కడూ యజమాని గాడు.

అల్లుడు: మీ కాలం ముచ్చట ఎత్తినవ్ కాబట్టి అడుగుత. కనెక్షన్‌కు దరఖాస్తు పెట్టి ఎన్నేండ్లు ఆగుతుండ్రి? తొందరగ కావాల్నంటే ఓవైటీ అని ముందుగాలనే పెద్ద డిపాజిట్ కట్టాలె. ట్రంకాల్ బుక్ చేసి ఎక్స్చేంజి కాడ పొద్దంత కూసోవాలె. అర్జంట్ అంటే రెండింతలు, లైట్నింగ్ కాల్ అంటే ఎనిమిదింతల చార్జీ. మా నాయన బొంబాయిల మట్టిపనికి పోయిండు గద. పాలమూరు లేబరంటే అప్పట్ల దేశంల ఏ డ్యామ్ కాడ, ఏ రోడ్డు కాడ లేకుండె? నానమ్మ పోయిననాడు ఆయనకు కబురు చెప్పనీకి మా ఊళ్లె ఉన్నది ఒక్కటే ఫోన్, పంచాయతీ ఆఫీసుల. అది చచ్చి పదిరోజులైంది. కొడుకు వచ్చేసరికి దినాలు గూడ అయిపోయినయి. ఇయ్యాల అదే ఊరు పిల్లగాడు పుణెల పన్జేసుకుంట రోజూ రాత్రి తల్లి మొఖం చూసుకుంట మాట్లాడుతున్నడు. దానికి వేరే పైస ఖర్చు లేదు. నాలుగు లోన్ కాల్స్ వస్తున్నయని ఆ కాలమే మంచిదంటవా?

(మామ దీనికి వెంటనే జవాబు చెప్పలేకపోయాడు. చెప్పలేకపోవడమే న్యాయం. పాత టెలిఫోన్ రోజులను తలచుకుని మురిసిపోయేవాళ్లలో ఎక్కువమంది ఇంట్లో అప్పుడే ఫోన్ ఉన్నవాళ్లు.)

మామ: మీ ఊరి ఫోన్ ముచ్చట నాకెరుకే. దాని పేరు ఎంఏఆర్ఆర్. తీగ ఉండదు, రేడియో మీద నడుస్తది. ఒక బేస్ స్టేషన్, దాని కింద పదిహేను ఊళ్లు, ఆ పదిహేను ఊళ్లకు కలిపి చానళ్లు రెండే. రెండు ఊళ్లోళ్లు మాట్లాడుతుంటే మిగిలిన పదమూడు ఊళ్లు నోరు మూసుకోవాలె. ఇంక సోలార్ పలక ఎవడో ఊడబీక్కపోతడు, బ్యాటరీ ఎండిపోతది, పిడుగు పడితే సెట్టే మాడిపోతది. ఆ మిషన్లు మన ఎండలకు, మన ఉరుములకు పుట్టినయి గావు. దేశమంతట లక్షా ఎనభై వేల పైచిలుకు అసొంటియి తీసేసి వేరేవి పెట్టాల్సి వచ్చింది. నేను గొప్పలు చెప్తలేను. మస్తు ఊళ్లె మేం ఫోన్ పెట్టినం అన్న లెక్క ఉండె గని ఫోన్ లేకుండె.

అల్లుడు: ఒప్పుకున్నవ్ గద.

మామ: ఒప్పుకుంట, ఎందుకొప్పుకోను? గని ఇంకోటి గూడ చెప్తా. ఫోన్ చచ్చిపోతే మీ సర్పంచికి నా ఇల్లెరుక. బస్టాండు కాడ చాయ తాగుతుంటే వచ్చి అంగీ పట్టుకున్నోళ్లున్నరు. 198కి కొడితే ఎత్తేది మా టెస్ట్ రూముల మనిషి, ఆమెకు డిండి తొవ్వల ఏ డీపీ డబ్బాల నీళ్లు దిగుతయో తెలుసు. పని చేసినమా లేదా అనేది తర్వాత ముచ్చట. మమ్ముల నిలదీసుడు మాత్రం ఆగలే. ఇప్పుడు నిలదీస్తందుకు మనిషి లేడు.

అల్లుడు: 198 ఇప్పుడు గూడ ఉన్నది. అన్ని కంపెనీలకు అదే నంబరు.

అత్తమ్మ: (లోపలినుంచి చాయ తెచ్చి) ఉన్నది బిడ్డా, నేను కొట్టిన. తెలుగు కోసం ఇది నొక్కు, రీచార్జి కోసం అది నొక్కు, కొత్త ఆఫర్ కోసం ఇంకోటి నొక్కు. నొక్కుకుంట నొక్కుకుంట పోతే మొదలు కాడికే తెచ్చి పడేసింది. సాయంత్రం మెసేజ్ వచ్చింది, మీ ఫిర్యాదు పరిష్కరించబడినదని. నేను ఫిర్యాదు చెప్పనే లేదు.

(ఇక్కడ ముగ్గురూ నవ్వారు. అల్లుడే కాస్త ఎక్కువ నవ్వాడు, ఆ మెనూలు తయారు చేసేది తనలాంటివాళ్లే కాబట్టి.)

మామ: సరే, నువ్వు చెప్పు. మీ మిషన్ ఎట్ల కొడుతది? మా టైముల ఒక మనిషి ఒక నంబరు తిప్పాలె. తొమ్మిది తిప్పితే డయల్ మొత్తం ఎనుకకు తిరిగి వచ్చేదాక ఆగాలె.

అల్లుడు: పీఆర్ఐ లైన్ అని ఒకటి తీసుకుంటరు. ఒక్క లైన్ల ముప్పై చానళ్లు, అంటే ఒకటేసారి ముప్పై కాల్స్. ఇప్పుడు ఎస్ఐపీ వచ్చింది, అది ఇంటర్నెట్ మీద పోతది, ఎన్ని కావాల్నంటే అన్ని. కంప్యూటర్ల నంబర్ల జాబితా పోస్తం, గొంతు ఫైల్ పెడుతం. ఎత్తనోళ్లకు మళ్ల కొడుతది, ఎత్తి పెట్టేసినోళ్లను గుర్తు పెట్టుకుంటది, ఒకటి నొక్కినోళ్లను మనిషికి కలుపుతది. వెయ్యిమందిల పదిమంది నొక్కినా గిరాకీ గిట్టినట్టే.

మామ: తొమ్మిదివందల తొంభైమందిని సతాయిస్తే పదిమంది దొరుకుతరు. ఆ తొమ్మిదివందల తొంభైమంది కర్సు ఎవడు కడుతడు?

అల్లుడు: కర్సేంది? వచ్చే కాల్‌కు నీకు పైస పడ్తలేదు గద.

మామ: పడుతుండె ఒకప్పుడు. మొబైల్ కొత్తగ వచ్చినప్పుడు నిమిషానికి పదహారు రూపాయల దాక పోయింది, వచ్చే కాల్‌కు గూడ నేనే కట్టాలె. 2003 మే నుంచి కొట్టేటోడే కట్టాలని చేసిన్రు. అప్పటిసంది మీసొంటోళ్లకు సందు దొరికింది.

అల్లుడు: సందు అప్పుడు కాదు మామా, ఆ తర్వాత దొరికింది. ఒక కంపెనీ కాల్ ఇంకో కంపెనీ ఫోన్ల దిగితే, దించుకున్న కంపెనీకి ఇచ్చేది ఒకటి ఉండె, ఐయూసీ అని. 2017 దాక అది నిమిషానికి 14 పైసలు. అక్టోబర్‌ల 6 పైసలు చేసిన్రు. 2021 జనవరి ఒకటి నుంచి సున్నా. కాల్ దించేతందుకు ఇంక ఎవడూ ఎవడికీ ఏమీ ఇయ్యనక్కరలేదు. అందుకే మా ఊరి పిల్లగాడు పుణె నుంచి ఎంతసేపైనా మాట్లాడుతడు. అందుకే మా మిషన్ గూడ ఎన్నైనా కొడుతది. నీకు మొదటిది కావాలె, రెండోది వద్దు. రెండూ ఒక్క అగ్గువల కెళ్లే పుట్టినయి.

(నాకు ఈ సంవాదంలో అల్లుడి పక్షాన కనిపించిన గట్టి మాట ఇదే. గ్రామీణ ఫోన్ మీద రాసేవాళ్లు ఈ ముడిని విప్పకుండా పక్కనుంచి పోతుంటారు. ఆరు పైసలు మిగిలి ఉంటే ఎన్ని కాల్స్ ఆగేవో నాకు తెలిసినంతలో ఎవరూ కొలవలేదు. ఏమీ లేకపోవడం మాత్రం గొంతు అమ్ముకునేవాడికి వరమే.)

మామ: అగ్గువ నేను వద్దంటలేను. మిషన్ గొంతు గూడ వద్దంటలేను. మిషన్ మాట్లాడుతది, నేను మాట్లాడితే ఇనదు. నాకు గది నచ్చదు.

అల్లుడు: ఇనేతందుకు గూడ ఫోన్లను వాడిన్రు మన రాష్ట్రంలనే. 2018ల రైతుబంధు మొదలైంది యాదికున్నదా? ఎకరానికి నాలుగు వేల చెక్కు. పరిశోధకులు సర్కారుతోటి కలిసి ఒక పని చేసిన్రు. చీటీలేసినట్టు కొన్ని మండలాలు ఏరి, అక్కడి వ్యవసాయాధికారులకు ముందుగాలనే చెప్పిన్రు, మీ రైతులకు ఫోన్ చేసి చెక్కు వచ్చిందా, ఎప్పుడు వచ్చిందని అడుగుతమని. గంతే. ఆ మండలాలల్ల చెక్కు అందని రైతులు 7.8 శాతం తగ్గిన్రు. దానికైన కర్సు గూడ తక్కువే. ఇంతకంటె మంచి ఫోన్ ముచ్చట ఏమున్నది?

మామ: నువ్వే నా దిక్కు మాట్లాడుతున్నవ్. అక్కడ ఫోన్ చేసింది చెప్పేతందుకు గాదు, అడిగేతందుకు. రైతు చెప్పింది ఇంకోకాడికి పోతదని ఆఫీసర్ భయపడ్డడు. అందుకే పని అయింది. నీ లోన్ పిల్లకు నేను చెప్పింది ఎక్కడికి పోతది?

అల్లుడు: ఎన్నికలల్ల గూడ అడుగుతరు. ఎవరికి ఓటేస్తరు, ఒకటి నొక్కు, రెండు నొక్కు...

మామ: అగో, దాని జోలికి రాకు! మా తోడల్లుడిది చండూరు. 2022ల మునుగోడు ఉపఎన్నిక, నవంబర్ మూడో తారీకు పోలింగ్. అంతకు ముందు నెల రోజులు ఆ ఇంట్ల ఫోన్ సల్లారలే. ఏ పార్టీ అని అడగకు, ఒక్కలు తక్కువ కాదు. పొద్దున ఒక నాయకుని గొంతు, మాపటికి ఇంకో నాయకునిది, నడుమ సర్వే. ఒక్క ఇంట్ల నాలుగు నంబర్లుంటే నాలుగింటికీ. హైదరాబాద్‌ల దుకాణం పెట్టుకున్న కొడుక్కు గూడ. 93 శాతం ఓట్లు పడ్డయి అక్కడ. ఫోన్ల వల్లనా, మనిషికింత అని పంచిండ్రన్న మాట వల్లనా అంటే నేనేం చెప్పాలె.

అల్లుడు: ఈ పద్ధతి పాతదే. 2004 లోక్‌సభ ఎన్నికలల్ల వాజ్‌పేయి గొంతు రికార్డు చేసి దేశమంతట వినిపించిన్రు. ప్రధానమంత్రే ఫోన్ చేసిండని జనం ఆశ్చర్యపోయిన్రు.

మామ: ఆశ్చర్యపోయిన్రు, ఓడగొట్టిన్రు. అన్ని సీట్లల్ల ఓటింగ్ మిషన్లు వచ్చింది గూడ అదే ఎన్నికల. ఫోన్ల చెప్పినట్టు నొక్కలే, మిషన్ కాడ తమకు నచ్చింది నొక్కిన్రు.

అల్లుడు: ఇప్పుడు ఆ రికార్డు గొంతుకు గూడ ఎన్నికల కమిషన్ కమిటీ ముందుగాలనే ఒప్పుకోవాలె. ఏది పడితే అది చెప్పేతందుకు లేదు.

మామ: చెప్పేదాంట్ల తప్పు లేకుండ చూస్తది కమిటీ. ఎన్నిసార్లు చెప్పొచ్చో ఎవడు చూస్తడు? వద్దని రాసిచ్చినోనికి గూడ ఎందుకు చెప్తరు?

అల్లుడు: వద్దని రాసిచ్చే జాబితా వ్యాపార కాల్స్ కోసం పెట్టింది. ఓటడిగే గొంతు దాంట్ల సక్కగ ఇమడదు.

అత్తమ్మ: ఓటు గొంతు ఒకటేనా? కరోనా వచ్చినప్పుడు ఎవరికి ఫోన్ చేసినా ముందుగాల దగ్గు. మొదటిసారి ఇని మా చెల్లెకే రోగం వచ్చిందనుకొని ఏడ్చిన. దాని ఎనుక ముచ్చట, దాని ఎనుక ఇంకో ముచ్చట. మొన్నటిదాక సైబర్ మోసాల ముచ్చట. మంచి మాటే, కాదన. గని ఇంట్ల ఎవరికన్న బాగలేనప్పుడు ఫోన్ కలిసేసరికి పానం పోయేటట్టుంటుండె.

అల్లుడు: ఆ సైబర్ ముచ్చట పనికొస్తది అత్తమ్మా. మన తాననే ఎంతమంది మోసపోతున్నరు. మీ ఫోన్ రెండు గంటలల్ల బంద్ అయితది, ట్రాయ్ నుంచి మాట్లాడుతున్నం, తొమ్మిది నొక్కుండ్రి అని కాల్ వస్తది. నొక్కితే పోలీసు డ్రెస్సుల ఒకడు వీడియో కాల్‌ల కూసుంటడు, డిజిటల్ అరెస్టు అంటడు. అసొంటి అరెస్టు ఏ చట్టంల లేదు. ట్రాయ్ అంటే ఫోన్ కంపెనీలకు రూల్స్ పెట్టే ఆఫీసు, అది ఎవరికీ గట్ల ఫోన్ చెయ్యదు. పైసలు పోయినయంటే ఆగకుండ 1930కి కొట్టాలె.

మామ: సూడు ఎట్లున్నదో. కాల్స్ ఆపాల్సిన ఆఫీసు పేరు చెప్పుకొనే దొంగకాల్ వస్తున్నది.

(అల్లుడు దీన్ని ఖండించలేదు. అక్కరలేని కాల్‌కూ దొంగకాల్‌కూ గీత చెరిగిపోవడమే అసలు నష్టం. అమ్ముకునేవాడు పదంకెల నంబరు నుంచి చేస్తాడు, మోసగాడూ అంతే. బ్యాంకు నిజంగా చేసినా ఎత్తడానికి జంకు. అందుకే బ్యాంకుల వంటి సంస్థల సర్వీసు కాల్స్‌కు 1600తో మొదలయ్యే నంబర్లు వేరుగా ఇచ్చారు. ఆ తేడా ప్రతి ఇంటికీ చేరేదాకా గుర్తుపట్టే భారమంతా ఫోన్ ఎత్తేవాడిదే.)

అల్లుడు: నిబంధనలు లేకుంట ఉన్నయా? 2007ల మొదటి రిజిస్ట్రీ పెట్టిన్రు. 2010ల రూల్స్ రాసి 2011 సెప్టెంబర్ నుంచి గట్టిగ అమలు జేసిన్రు. 2018ల మళ్ల రాసి, ప్రతి మెసేజ్ ఎవడు పంపిండో దొరికేటట్టు డీఎల్టీ అని పెట్టిన్రు. 2024 ఆగస్టుల రిజిస్టర్ గాని టెలిమార్కెటర్ల లైన్లు పీకి, రెండేండ్లు ఏ కంపెనీ లైన్ ఇయ్యొద్దన్నరు. 2025 ఫిబ్రవరిల ఇంకింత బిగించిన్రు. ఇదివరకు కాల్ వచ్చిన మూడు రోజులల్లనే ఫిర్యాదు చెయ్యాలె, ఇప్పుడు ఏడు రోజులు. పది రోజులల్ల ఒక నంబరు మీద ఐదు ఫిర్యాదులు పడితే చాలు, కదలాలె. ముప్పై రోజులు తీసుకునే పని ఐదు రోజులల్ల చెయ్యాలె. ఇంకేం కావాలె?

అత్తమ్మ: ఆ ఫిర్యాదుల ఏం రాయాలె?

అల్లుడు: ఏ నంబరు, ఏ తారీకు, ఏం చెప్పిండు. 1909కి మెసేజ్ పెట్టొచ్చు, డీఎన్డీ యాప్‌ల గూడ.

అత్తమ్మ: అంటే దొంగను నేనే పట్టి, తాడు నేనే కొని కట్టి, ఠాణాకు నేనే తోలుకపోవాలె. ఐదుగురి ఇండ్లల్ల పడ్డంక గని పోలీసు లేవడు.

అల్లుడు: ఎవరో ఒకరు చెప్పకుంటే ఎట్ల తెలుస్తది అత్తమ్మా?

మామ: ఎట్ల తెల్వదు? ఒక్క నంబరు కెళ్లి ఒక్క రోజుల వందల కాల్స్ పోతున్నయి, అన్నీ పది సెకండ్లు, ఒక్కటి గూడ తిరిగి వస్తలేదు. అది మనిషి గాదని ఎక్స్చేంజి కాడ కూసున్న మిషన్‌కు తెల్వదా? మా దినాలల్ల మీటర్ ఎక్కువ తిరిగితే తెల్లారే సరికి చెకింగ్ వస్తుండె, అది డిపార్ట్‌మెంట్‌కు రావాల్సిన పైస కాబట్టి. ఇప్పుడు ఆ కాల్ కొనుక్కున్నోడు వాళ్ల గిరాకీ. గిరాకీని ఎవడు ఎల్లగొడుతడు?

అల్లుడు: ఈ మాటల సగం పాతబడ్డయి. ఇప్పుడు కంపెనీలే స్పామ్ అని స్క్రీన్ మీద సూపిస్తున్నయి. ఒక పెద్ద కంపెనీ 2024 సెప్టెంబర్ నుంచే మొదలు పెట్టింది.

మామ: సూపించుడు, మోగించుడు ఒక్కపారే! స్పామ్ అని వానికి తెలిసినంక మోగించుడెందుకు?

అల్లుడు: తప్పుబోతే? ఒక ఆటో డ్రైవర్ రోజుకు యాభై మందికి ఫోన్ చేస్తడు. విత్తనాల దుకాణం ఆయన వానపడ్డ తెల్లారి వందమందికి చేస్తడు. మిషన్ వాళ్లను గూడ స్పామ్ అంటది. వాళ్ల ఫోన్ మోగనియ్యకుంటే వాళ్ల పొట్ట కొట్టినట్టే. ఎవడి కాల్ ఆపాల్నో కంపెనీ చేతుల పెడితే, రేపు కంపెనీకి నచ్చనోని కాల్ గూడ ఆగుతది. నీకు అది సమ్మతమేనా?

మామ: ...కాదు. అది నిజమే.

అల్లుడు: ఇంకోటి అడుగుత. చందంపేట దిక్కు, అటు అమ్రాబాద్ దిక్కు నల్లమలల సిగ్నల్ లేదని మీరే లొల్లి చేస్తరు. అక్కడ లోన్ కాల్ రాదు. సంతోషమేనా?

మామ: ఆ ఎకసెక్కం వద్దు. చెంచుల పెంటలల్ల, ఆ అడవి గూడేలల్ల కాన్పు నొప్పులొస్తే సిగ్నల్ కోసం గుట్టెక్కేటోని కాడ ఈ మాట అను. ప్రతి కంపెనీ తన రాబడిల ఐదు శాతం ఊర్ల ఫోన్ల కోసం నిధికి కట్టాలె, 2002 నుంచి ఉన్న లెక్క. నేను రీచార్జి చేసినప్పుడల్ల దాంట్ల ఆ ముక్క ఉన్నట్టే. మరి పెంటల టవర్ ఎందుకు రాకపాయె?

అల్లుడు: పులుల అడవి. స్తంభం పాతాల్నంటే అటవీ శాఖ అనుమతి, తీగ గుంజాల్నంటే అనుమతి. కరంటు లేని కాడ సోలార్ మీద నడపాలె, చెడిపోతే పోయి బాగుచేసే మనిషి కావాలె. పదిండ్ల కోసం ప్రైవేటోడు పోడు. అందుకే 2022 జూలైల కేంద్రం 26,316 కోట్లతోటి సిగ్నల్ లేని 24,680 ఊళ్లకు 4జీ అని పెట్టి బీఎస్ఎన్ఎల్‌కు ఇచ్చింది. 2025 సెప్టెంబర్‌ల దేశంల తయారైన 4జీ మొదలు పెట్టిన్రు గద, మీ కంపెనీదే.

మామ: మా కంపెనీదే. అందరూ 5జీకి పోయినంక 4జీకి వచ్చింది. పాపం, పనిచేసేటోళ్లను ముందుగాలనే ఇంటికి పంపింది. టవర్ నిలబెడుతరు, నేను నమ్ముత. దాని కింద బ్యాటరీ ఎండిపోయిననాడు గుట్టెక్కి పోయేది ఎవరు? ఎంఏఆర్ఆర్ చచ్చింది టెక్నాలజీ పాతబడి గాదు బిడ్డా, పోయి సూసే మనిషి లేక.

(ఈ మాట విన్నాక మామ స్వచ్ఛంద విరమణ కాగితం మీద ఎందుకు సంతకం పెట్టాడని అడగాలనిపించింది. జీతాలు నెలలు ఆలస్యమైన రోజులవి. అడగలేదు.)

అల్లుడు: సరే, నువ్వే రూలు రాస్తవనుకో. ఏం రాస్తవ్?

మామ: రెండే రాస్త. ఒకటి. నాకు అమ్మజూపే కాల్ దిగితే నా ఖాతాల పైసలు పడాలె. కంపెనీకి గాదు, నాకు. పది పైసలో, పావలనో.

అల్లుడు: ప్రచార మెసేజ్ దించుకున్న కంపెనీకి ఐదు పైసల దాక వస్తది ఇప్పుడే.

మామ: సూసినవా! మోగేది నా ఫోన్, ఆగేది నా పని, ఐదు పైసలు వానికి.

అల్లుడు: నీకు పావల వస్తదంటే, పావల కోసమే నంబర్లు తీసుకొని కూసునేటోళ్లు పుడుతరు. పంటబీమా ముచ్చట చెప్పే కాల్‌కు గూడ పావల అంటే అది గూడ ఆగుతది. అయినా రిజిస్టర్ గానోడు పావల ఎట్ల కడుతడు?

మామ: వాడు కట్టకుంటే వానికి లైన్ ఇచ్చినోడు కడుతడు. అప్పుడు సూడు, ఎంత జల్ది దొరుకుతడో.

(అల్లుడు తల ఊపాడు కానీ ఒప్పుకున్నట్టు కాదు. నాకూ పావలా సంగతి పూర్తిగా మింగుడు పడలేదు. లైన్ ఇచ్చినవాడి మీదికి మళ్లించడం మాత్రం పాత లైన్‌మన్‌కు తట్టే ఆలోచన. తప్పు ఎక్కడుందో వెతకాలంటే ఎక్స్చేంజి వైపు నుంచి రావాలి, చందాదారుడి ఇంటి వైపు నుంచి కాదు.)

అల్లుడు: రెండోది?

మామ: ఫోన్ పనిచెయ్యని రోజుకు పైసలు వాపస్.

అల్లుడు: అది చేసి సూసిన్రు. 2016 జనవరి ఒకటి నుంచి కాల్ కట్ అయితే రూపాయి, రోజుకు మూడు రూపాయలకు మించకుంట ఇయ్యాలని ట్రాయ్ రూల్ పెట్టింది. కంపెనీలు సుప్రీంకోర్టుకు పోయినయి. అదే ఏడు మే 11న కోర్టు కొట్టేసింది. ఎవరి తప్పో తేల్చకుంట అన్ని కట్‌లకూ కంపెనీయే కట్టాలంటే న్యాయం గాదన్నది.

మామ: మూడు రూపాయల కోసం ఢిల్లీల అంత పెద్ద వకీళ్లు!

అల్లుడు: తర్వాత 2024 అక్టోబర్ నుంచి ఇంకో రూల్ వచ్చింది. జిల్లాల సర్వీసు 24 గంటలకు మించి పడిపోతే పోస్ట్‌పెయిడ్ వాళ్లకు అద్దె తగ్గించాలె, ప్రీపెయిడ్ వాళ్లకు వ్యాలిడిటీ పెంచాలె. నువ్వడిగినట్టే.

మామ: జిల్లా మొత్తమా?

అల్లుడు: జిల్లా లెక్క.

మామ: మా దేవరకొండల రాత్రంత పోయింది. నల్లగొండల ఉన్నది, మిర్యాలగూడల ఉన్నది. అంటే పోనట్టే?

అల్లుడు: రూలు ప్రకారం, అవును. అయినా ఇప్పుడు జిల్లాలు చిన్నగైనయి గద. 2016 అక్టోబర్‌ల మీ నల్లగొండను మూడు చేసిన్రు. మా పాలమూరు కెళ్లి నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల పోయినయి, 2019ల నారాయణపేట.

మామ: ఎంత చిన్నగైనా జిల్లా జిల్లానే. ఒక ఊరి టవర్ వారం పండుకుంటే జిల్లా లెక్కల చుక్కంత గూడ కనపడదు. కరంటోళ్లకు ఏ ఫీడర్ ఎంతసేపు బంద్ ఉన్నదో రాసుండాలె. టవర్‌కు గూడ గట్లనే రాసుంటది, రాయకుంట ఆ మిషన్లు నడవయి. ఏ టవర్ కింద ఏ ఫోన్లుంటయో గూడ వాళ్లకెరుక, లేకుంటే నాకు కాల్ ఎట్ల దింపుతరు? మరి ఊరు లెక్కన పైసలిచ్చేతందుకు కష్టమేంది?

అల్లుడు: కేసులు పెడుతరు మామా, ప్రతి ఊరోడు. ఇదివరకు 2009ల సుప్రీంకోర్టే ఫోన్ తగాదాలు వినియోగదారుల ఫోరంల నడవయన్నది, టెలిగ్రాఫ్ చట్టం అడ్డమని. 2022 ఫిబ్రవరిల అదే కోర్టు నడుస్తయన్నది. ఇప్పుడు నల్లగొండ కమిషన్ల గూడ వెయ్యొచ్చు. ఊరు లెక్కన రూలు తెస్తే అక్కడ లైన్ కడుతది.

మామ: కట్టనియ్యి.

అల్లుడు: ఊరు లెక్కన అంటే అందరికంటె ముందు, అందరికంటె ఎక్కువ కట్టేది ఎవరో తెలుసునా? అడవుల్ల, తండాలల్ల తానొక్కటే టవర్ పెట్టుకున్న మీ బీఎస్ఎన్ఎల్.

అత్తమ్మ: ఈయన పింఛన్ల కెళ్లి కోస్తరేమో చూస్కో.

మామ: కట్టనియ్యి అంటున్న గద. మొదటి కేసు నేనే ఏస్త.